బొమ్మ ముందు, కథ తర్వాత: తొంభైల ఎక్స్-మెన్ కామిక్స్ ఎందుకింత గజిబిజి?

2024 మార్చిలో, పుట్టుకతోనే వింత శక్తులున్న మార్వెల్ సూపర్‌హీరోల జట్టు మీద తీసిన ‘ఎక్స్-మెన్ 97’ యానిమేషన్ సిరీస్ ఓటీటీలోకి వచ్చాక, దాని వెనకున్న పాత కామిక్స్‌ను వెతుక్కుని చదవడం మొదలుపెట్టినవాళ్లు కొన్ని చోట్ల తప్పకుండా ఇరుక్కుంటారు. నెరిసిన జుట్టుతో, జట్టు నాయకుడు సైక్లాప్స్ కంటే పెద్దవాడిలా కనిపించే కేబుల్ అతని కొడుకెలా అవుతాడు? తల్లి జీన్ గ్రేనా, మేడలిన్ ప్రయరా? జట్టు పాత శత్రువు మాగ్నీటో చచ్చాడా, బతికున్నాడా, అసలు ఒకడేనా ఇద్దరా? సైలాక్ ఇంగ్లండ్ అమ్మాయా, జపాన్ అమ్మాయా? సిరీస్ వీటిలో కొన్నింటిని ఒక్క ఎపిసోడ్‌లో తేల్చేసింది. కామిక్స్‌లో మాత్రం ఇవి ఏళ్ల తరబడి, నాలుగైదు పత్రికల్లో, రచయితలు మారుతూ, చెప్పినదాన్ని మళ్లీ దిద్దుకుంటూ నడిచాయి.

క్లుప్తంగా: తొంభైల ఎక్స్-మెన్ గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి ఆ బొమ్మల అతి, రెండోది ఆ కథల చిక్కు. వీటిని వేర్వేరు లోపాలుగా చూస్తే సగమే అర్థమవుతుంది. రెండూ ఒకే ఉత్పత్తి పద్ధతిలోంచి పుట్టాయి. బొమ్మ ముందు గీసి మాటలు తర్వాత రాసే విధానం, స్టార్ ఆర్టిస్టులకు పెరిగిన పట్టు, వాపసు తీసుకోని అమ్మకాల మార్కెట్ కలిసి, జవాబు సిద్ధంగా లేని ప్రశ్నలను ముందుగా పేజీ మీదికి తెచ్చాయి. జవాబులు తర్వాత వేరేవాళ్లు వెతుక్కున్నారు.

పదహారేళ్లు ఒకే చేతిలో

నేపథ్యం కొంచెం చెప్పుకోవాలి. 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ మొదలుపెట్టిన ఎక్స్-మెన్ అప్పట్లో పెద్దగా ఆడలేదు. 1970 నుంచి కొత్త కథలు ఆగిపోయి, పాతవే మళ్లీ అచ్చేశారు. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ కొత్త జట్టుతో తిరిగి లేపారు. స్టార్మ్, నైట్‌క్రాలర్, కొలోసస్ అప్పుడే వచ్చారు, వుల్వరీన్ జట్టులో చేరిందీ అప్పుడే. ఆ వెంటనే రచన క్రిస్ క్లేర్‌మాంట్ చేతికి వచ్చింది. 1991 దాకా, అంటే పదహారేళ్ల పాటు, ప్రధాన పత్రిక ఆయన చేతిలోనే ఉంది.

అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో ఇది మామూలు విషయం కాదు. ఒకే మనిషి అంతకాలం రాస్తే, ఎక్కడో వదిలేసిన దారం ఎప్పటికైనా దొరుకుతుందన్న నమ్మకం పాఠకుడికి ఉంటుంది. క్లేర్‌మాంట్ కూడా దారాలు వదిలేసేవాడే, కొన్ని ఐదారేళ్లు వేలాడేవి కూడా. కానీ ఆ లెక్క ఒక తలలో ఉండేది. తొంభైల్లో పోయింది ఆ ఒక్క తల.

ఎలా పోయిందన్నది ఆర్టిస్టుల కథ.

బొమ్మ ముందు నడిచే పద్ధతి

మార్వెల్‌లో అరవైల నుంచి ఒక పద్ధతి నడిచేది. రచయిత పూర్తి స్క్రిప్టు రాయడు, కథ సారాంశం ఇస్తాడు. ఆర్టిస్టు దాన్ని ఇరవై, ఇరవై రెండు పేజీలుగా విడగొట్టి గీస్తాడు. ఏ సన్నివేశానికి ఎంత చోటు, ఏ మొహం దగ్గరగా, చివరి పేజీలో ఎవరు ప్రత్యక్షమవ్వాలి, ఇవన్నీ చాలావరకు అతనే తేలుస్తాడు. గీసిన పేజీలు తిరిగొచ్చాక రచయిత డైలాగులు రాస్తాడు. రచయితకూ ఆర్టిస్టుకూ పొత్తు కుదిరినప్పుడు ఇది అద్భుతంగా పనిచేసింది. కుదరనప్పుడు, బొమ్మలో ఉన్నదానికి అర్థం చెప్పడమే రచయిత ఉద్యోగం అయిపోతుంది.

1989-91 మధ్య సరిగ్గా అదే జరిగింది. జిమ్ లీ ప్రధాన పత్రిక ‘అన్‌క్యానీ ఎక్స్-మెన్’కి, దాని అనుబంధ పత్రికల్లో రాబ్ లైఫెల్డ్ ‘న్యూ మ్యూటెంట్స్’కి, విల్స్ పోర్టాషియో ‘ఎక్స్-ఫ్యాక్టర్’కి వచ్చారు. అమ్మకాలు ఎగబాకాయి. ఎడిటర్ బాబ్ హారస్ సహజంగానే అమ్ముడయ్యే వాళ్ల మాటకు విలువిచ్చాడు. న్యూ మ్యూటెంట్స్ రచయిత్రి లూయీస్ సైమన్సన్ తప్పుకున్నారు. ఆ పత్రిక నూరో సంచికతో ముగిసి, 1991లో ‘ఎక్స్-ఫోర్స్’గా మారింది. అదే ఏడాది కొత్త ‘ఎక్స్-మెన్’ ఒకటో సంచికకి క్లేర్‌మాంట్, లీ కలిసి పనిచేశారు కానీ, కథ ఎటు పోవాలన్న విషయంలో క్లేర్‌మాంట్ మాట నెగ్గని స్థితి అప్పటికే వచ్చేసింది. మూడో సంచికతో ఆయన వెళ్లిపోయాడు.

తర్వాత లీ, పోర్టాషియో కథ అల్లేవారు. వాళ్లు గీసి పంపిన పేజీలకు కొన్నాళ్లు జాన్ బర్న్ డైలాగులు రాశాడు, ఆపైన స్కాట్ లాబ్డెల్ వచ్చాడు. ఇంకో పత్రికకి ఫేబియన్ నిసీజా. లాబ్డెల్, నిసీజా మీదే తొంభైల కంటిన్యుటీ, అంటే పత్రికలన్నిటిలో కథకీ కథకీ పొంతన కుదిర్చే భారమంతా పడింది. వీళ్లని తిట్టేవాళ్లు నేటికీ ఉన్నారు గానీ, వాళ్ల చేతికొచ్చింది సగం గీసేసిన ఇల్లు.

ఇంకో దెబ్బ 1992లో. జిమ్ లీ, లైఫెల్డ్, పోర్టాషియో, టాడ్ మక్‌ఫార్లేన్, మార్క్ సిల్వెస్ట్రీ, ఎరిక్ లార్సెన్, జిమ్ వాలెంటినో మార్వెల్‌ను వదిలి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. తాము సృష్టించిన పాత్రల మీద హక్కులు తమకే ఉండాలన్నది వాళ్ల వాదన, అందులో న్యాయం ఉంది. ఎక్స్-మెన్ వరకు చూస్తే ఫలితం వేరు. ప్రశ్నలు వేసినవాళ్లు ఏడాది తిరక్కుండానే గదిలోంచి వెళ్లిపోయారు.

ఆ బొమ్మల్లో ఏముంది

ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తే ముందు కనిపించేవి అతిశయాలే. బెల్టు నిండా, తొడ మీద, భుజాల మీద చిన్న చిన్న సంచులు. మనిషి కంటే పెద్ద తుపాకులు. బిగించిన పళ్లు. పొగలోనో రాళ్ల చాటునో మాయమయ్యే పాదాలు. ఆడ పాత్రలు కొట్లాట మధ్యలో కూడా ఫొటో షూట్‌లో నిలబడ్డట్టు ఉండడం. లైఫెల్డ్ మీద ఈ ఎగతాళి ఎంత జరిగిందంటే, అతను బాగా చేసిన పని మరుగున పడింది. ఒక పాత్రను ఒక్క చూపులో గుర్తుపట్టేలా, పక్కవాడికి చూపించాలనిపించేలా డిజైన్ చేయడం అతనికి తెలుసు. కేబుల్, డెడ్‌పూల్ ఈ రోజుకీ నిలబడ్డారంటే అందులో సగం ఆ తొలి రూపం బలమే.

జిమ్ లీ సంగతి వేరు. అతనికి శరీర నిర్మాణం మీద పట్టుంది, పెన్సిల్ గీతల మీద సిరా దిద్దే స్కాట్ విలియమ్స్ ఇంకింగ్ తోడైంది. సన్నని గీతలు అడ్డంగా నిలువుగా అల్లి వేసే నీడలు, లోహం మెరుపు, తోలు జాకెట్ మడతలు అన్నీ కళ్లకు కట్టినట్టుంటాయి. సైక్లాప్స్ ఛాతీ మీది పట్టీలు, రోగ్ పసుపు-ఆకుపచ్చ దుస్తుల మీద గోధుమరంగు జాకెట్ అప్పటివే. 1992 అక్టోబరులో మొదలైన టీవీ కార్టూన్ ఆ రూపాలనే తీసుకుంది. అందుకే కామిక్ ముట్టుకోని వాళ్లకు కూడా ఎక్స్-మెన్ అంటే అవే దుస్తులు.

అంత సన్నని గీత అంతకుముందు సాధ్యమయ్యేది కాదు. పాత న్యూస్‌ప్రింట్ మీద గీతలు అలుక్కుపోయేవి, రంగుల సంఖ్య కూడా పరిమితం. కాగితం మెరుగై, ఆ వెంటనే కంప్యూటర్‌తో రంగులు వేయడం మొదలయ్యాక ఆర్టిస్టు వేసిన ప్రతి గీతా పాఠకుడికి చేరింది. చేరుతుందని తెలిశాక గీతలు ఇంకా పెరిగాయి, కొన్ని పేజీల్లో అవసరానికి మించి.

పేజీ కూర్పు కూడా మారింది. డెబ్భైలు, ఎనభైల్లో కాక్రమ్, బర్న్, పాల్ స్మిత్ ఒక పేజీలో ఆరేడు చిన్న గడులు పెట్టి, మొహాల్లో మారే భావాలతో కథ నడిపించేవారు. తొంభైల్లో పేజీకి ఒకటో రెండో పెద్ద బొమ్మలు, గడి గీతలు దాటి బయటికి దూకే మనుషులు, వెనక నేపథ్యం ఖాళీ. ఇది అభిరుచి మాత్రమే అనుకోనక్కర్లేదు, డబ్బు కూడా ఉంది. గీసిన అసలు పేజీలు ఆర్టిస్టుకే తిరిగొచ్చేవి, వాటిని కలెక్టర్లకు అమ్ముకోవచ్చు. తొమ్మిది గడుల్లో మాట్లాడుకునే పేజీకి వచ్చే ధరకీ, వుల్వరీన్ గోళ్లు చాచి నిండా నిలబడ్డ పేజీకి వచ్చే ధరకీ పోలికే లేదు. దాని మీద నెలనెలా డెడ్‌లైన్ టెన్షన్. పెద్ద బొమ్మ, తక్కువ నేపథ్యం అంటే త్వరగా అయ్యే పేజీ.

కంటిన్యుటీకి దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. పెద్ద బొమ్మల మధ్య సంభాషణకు చోటు తగ్గింది. ఎవరు ఎక్కడున్నారు, ఎందుకొచ్చారు, నిన్నటి గొడవ ఏమైంది అన్నవి చెప్పడానికి గడులు లేవు. ఆ సమాచారమంతా మాటల బుడగల్లోకి, అధస్సూచికల్లోకి, కొన్నిసార్లు ఇంకో పత్రికలోకి వెళ్లిపోయింది.

ఒక మొహం, మూడేళ్ల వివరణ

కేబుల్ ఉదాహరణ చాలు ఇదంతా అర్థం కావడానికి. 1990లో న్యూ మ్యూటెంట్స్ 87లో అతను పూర్తిస్థాయిలో వచ్చాడు. అప్పటికి అతనొక గతం తెలియని సైనికుడు. అతని శత్రువు స్ట్రైఫ్, మొహం కనిపించని లోహపు ముసుగు మనిషి. నూరో సంచిక చివరి పేజీలో ముసుగు తీస్తే లోపల కేబుల్ మొహం! చివరి పేజీగా అది అదిరింది. కానీ అర్థమేంటి? అన్నదమ్ములా, భవిష్యత్తు రూపమా, నకలా? పేజీలో జవాబు లేదు.

మరోవైపు ఎక్స్-ఫ్యాక్టర్ 68లో (1991) లీ, పోర్టాషియో అల్లిన కథ ఒకటి నడిచింది. సైక్లాప్స్‌కు మేడలిన్ ప్రయర్‌తో పుట్టిన పసివాడు నేథన్‌కు విలన్ అపోకలిప్స్ ఒక వైరస్ ఎక్కిస్తాడు, బతికించడానికి వాణ్ని భవిష్యత్తులోకి పంపేస్తారు. మేడలిన్ ఎవరంటే, సినిస్టర్ అనే ఇంకో విలన్ తయారుచేసిన జీన్ గ్రే క్లోన్ అని 1989 నాటి ‘ఇన్‌ఫెర్నో’ కథలో అప్పటికే తేల్చారు. దాంతో రెండు ఖాళీలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకచోట గతం లేని ముసలి సైనికుడు, ఇంకోచోట భవిష్యత్తులోకి పోయిన పసివాడు. కలిపేయాలన్న ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది?

1992-93లో నాలుగు పత్రికల్లో పన్నెండు భాగాలుగా నడిచిన ‘ఎక్స్-క్యూషనర్స్ సాంగ్’ ఈ కలపడం కోసమే పుట్టినట్టుంటుంది. అయినా అందులో కూడా ఇద్దరిలో అసలు నేథన్ ఎవరో తేల్చలేదు. కేబుల్ సొంత పత్రిక మొదలయ్యాక, 1993 చివర్లో, ఆరో సంచిక నుంచి ఎనిమిదో సంచిక మధ్య చెప్పారు: కేబులే నేథన్, స్ట్రైఫ్ అతని క్లోన్. 1991 నాటి ఒక చివరి పేజీ బొమ్మకి అర్థం చెప్పడానికి మూడేళ్లు దగ్గరపడింది. విచిత్రమేంటంటే, ఆ అతుకు బాగానే అతుక్కుంది. తండ్రి కంటే పెద్దవాడైన కొడుకు, వదిలేసిన అపరాధభావంతో తండ్రి అనే బంధం తర్వాతి రచయితలందరికీ పనికొచ్చింది. సైమన్సన్, లైఫెల్డ్ మొదట అనుకున్న కేబుల్ మాత్రం ఇది కాదు.

డైలీ సీరియల్‌లో నటుడు మారితే ప్లాస్టిక్ సర్జరీ అని చెప్పి నడిపించేయడం మనకి తెలిసిందే. ఇక్కడ మారింది రచయితలు, సర్జరీ జరిగింది గతానికి.

అన్ని అతుకులూ ఇలా కుదరలేదు. 1991 చివర్లో బిషప్ అనే పాత్ర భవిష్యత్తు నుంచి వచ్చి, 1992లో జట్టులో ఒక ద్రోహి అందర్నీ చంపేస్తాడన్న వార్త మోసుకొచ్చాడు. పాఠకులు జట్టులోని గ్యాంబిట్‌ని అనుమానించారు, రచయితలూ అనుమానింపజేశారు. జవాబు 1996లో ‘ఆన్‌స్లాట్’ కథతో వచ్చింది: ద్రోహి జట్టు స్థాపకుడు ప్రొఫెసర్ ఎక్స్ మనసులోంచే పుట్టింది. దానికి ఆధారంగా 1993లో ఎక్స్-మెన్ 25వ సంచికను వాడుకున్నారు. అందులో మాగ్నీటో వుల్వరీన్ ఎముకల మీది లోహాన్నంతా లాగేస్తాడు, కోపంతో ప్రొఫెసర్ మాగ్నీటో మనసు తుడిచేస్తాడు, ఆ క్షణంలోనే విత్తనం పడిందన్నమాట. వెనక్కి తిరిగి చదివితే పకడ్బందీగా కనిపిస్తుంది. వరసగా చదివినవాళ్లకు నాలుగేళ్ల ఎదురుచూపు.

మాగ్నీటో విషయం ఇంకా అధ్వానం. 1995 చివర్లో జ్ఞాపకం పోయిన, వయసు తగ్గిన మాగ్నీటోగా ‘జోసెఫ్’ అనే పాత్రను తెచ్చి, ఎక్స్-మెన్‌లో చేర్చి, ప్రాయశ్చిత్తం కథ నడిపి, 1999లో అతనొక క్లోన్ అని చెప్పేశారు. సైలాక్ శరీర మార్పిడి అయితే 1989లో మొదలై, ఆ శరీరం అసలు క్వానన్ అనే జపాన్ అమ్మాయిదని 1993లో దిద్దుబాటు జరిగి, చివరికి ఇద్దర్నీ ఎవరి శరీరంలో వాళ్లని పెట్టింది 2018లో.

కుదిరిన చోటు

1995లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ అపోకలిప్స్’ని మాత్రం తొంభైల్ని ఇష్టపడనివాళ్లు కూడా మెచ్చుకుంటారు. ప్రొఫెసర్ కొడుకు లీజియన్ గతంలోకి వెళ్లి మాగ్నీటోని చంపబోయి పొరపాటున తండ్రినే చంపుతాడు, దాంతో చరిత్ర మారిపోతుంది. నాలుగు నెలల పాటు ఎక్స్-మెన్ పత్రికలన్నీ ఆగిపోయి, వాటి స్థానంలో వేరే పేర్లతో వేరే పత్రికలు వచ్చాయి. ఎక్స్-ఫోర్స్ బదులు ‘గ్యాంబిట్ అండ్ ది ఎక్స్-టర్నల్స్’, జనరేషన్ ఎక్స్ బదులు ‘జనరేషన్ నెక్స్ట్’, అలా.

ఎందుకు కుదిరింది? ముగింపు తేదీ ముందే ఉంది, అదే పెద్ద కారణం. అందరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించాలి కాబట్టి, జవాబు లేని ప్రశ్న వేసే వీలు తక్కువ. గతం లేని లోకం కాబట్టి పాత అప్పులు లేవు. ఆర్టిస్టులకు కూడా అది పండగ: ప్రతి పాత్రకీ కొత్త రూపం గీయొచ్చు. అప్పటికి ఇమేజ్‌కి వెళ్లినవాళ్ల తర్వాతి తరం వచ్చింది. మాంగా, వీడియో గేమ్‌ల ప్రభావం స్పష్టంగా కనిపించే జో మడురేరా, వింత ఆకారాలతో పేజీని నింపే క్రిస్ బషాలో, దూకుడుగా గీసే ఆండీ క్యూబర్ట్. అతిశయం వీళ్లలోనూ ఉంది కానీ, మొహాల్లో నటన తిరిగొచ్చింది.

ఆ నియమం నాలుగు నెలలే పాటించారన్నది వేరే సంగతి. అయిపోగానే నేట్ గ్రే, డార్క్ బీస్ట్, హోలోకాస్ట్, షుగర్ మ్యాన్ అనే ఆ లోకపు పాత్రలను మామూలు లోకంలోకి దాటించారు. మూసిన కథలోంచి నాలుగు కొత్త చిక్కులు.

వేరే దార్లు ఎలా ఉండేవి

పోల్చి చూడ్డానికి రెండు ఉన్నాయి. మార్వెల్ పోటీ కంపెనీ డీసీ వాళ్ల ‘లీజియన్ ఆఫ్ సూపర్-హీరోస్’ కూడా పెద్ద జట్టు, 1958 నుంచి ఉన్న చరిత్ర. అక్కడ చిక్కు పెరిగినప్పుడు 1994లో ‘జీరో అవర్’ అనే పెద్ద కథని సాకుగా తీసుకుని మొత్తం చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టారు. శుభ్రమైంది, నిజమే. కానీ ముప్ఫై ఏళ్లకు పైగా చదివినవాళ్ల అనుబంధం కూడా చెరిగింది, పదేళ్లకి మళ్లీ చెరపాల్సి వచ్చింది. మార్వెల్ చెరపలేదు, పేర్చుకుంటూ పోయింది.

రెండోది ఇమేజ్. ‘యంగ్‌బ్లడ్’, ‘వైల్డ్‌క్యాట్స్’, ‘సైబర్‌ఫోర్స్’ అన్నీ అవే బొమ్మలు, అదే జట్టు నమూనా, పాత చరిత్ర బరువు సున్నా. మొదట్లో లక్షల్లో అమ్ముడయ్యాయి. అయినా వాటిలో ఎవరు ఎవర్ని ప్రేమించారో, ఎవరు చనిపోతే ఎవరు ఏడ్చారో గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. జిమ్ లీ గీసిన రోగ్, గ్యాంబిట్ అంతలా పట్టుకోవడానికి కారణం ఆ గీత ఒక్కటే కాదని ఇక్కడ తెలుస్తుంది. రోగ్ వెనక క్లేర్‌మాంట్ రాసిన పదేళ్ల కథ ఉంది. తొంభైల ఎక్స్-మెన్ చాలావరకు ఎనభైల డిపాజిట్ మీద వడ్డీ తిన్నది.

డబ్బు పాత్ర

1991 నాటి ఎక్స్-మెన్ ఒకటో సంచిక 81 లక్షలకు పైగా కాపీలు పోయింది, గిన్నిస్ రికార్డు. దాన్ని చూసి 81 లక్షల మంది చదివారనుకుంటే పొరపాటు. అది షాపులవాళ్లు ఆర్డర్ చేసిన సంఖ్య. కామిక్స్ షాపులకు వెళ్లిన కాపీలు మిగిలితే వాపసు ఇవ్వడానికి లేదు. పైగా ఆ సంచికకు ఐదు వేర్వేరు కవర్లు, ఎక్స్-ఫోర్స్ ఒకటికి ప్లాస్టిక్ కవర్లో ఐదింటిలో ఏదో ఒక కార్డు. ఒక్కొక్కరు ఐదేసి కొన్నారు, రేపు ధర పెరుగుతుందని అట్టపెట్టెల్లో దాచారు. అందరూ దాచిన వస్తువుకి ధర పెరగదు. ఈ రోజుకీ ఆ సంచిక చవగ్గానే దొరుకుతుంది.

కంటిన్యుటీ మీద దీని ప్రభావం సూటిగా ఉంది. ఒకటో సంచిక, కొత్త పాత్ర తొలి దర్శనం, చావు, హోలోగ్రామ్ కవర్, క్రాసోవర్ (పలు పత్రికల్లో కలిపి నడిచే ఒకే కథ) అమ్ముడవుతాయి. వేసిన ప్రశ్నకి నెమ్మదిగా జవాబు చెప్పే పద్నాలుగో సంచిక అమ్ముడుపోదు. ఎక్స్ పేరుతో పత్రికలు పెరిగేకొద్దీ ఏటా ఒక పెద్ద క్రాసోవర్ తప్పనిసరైంది, రచయిత తన కథ మధ్యలో ఆపి అందులో చేరాల్సిందే. దశాబ్దం మధ్యకి మార్కెట్ కూలింది, షాపులు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా రక్షణ కోరింది. ఎక్స్-మెన్ అప్పటికీ కంపెనీలో ఎక్కువ అమ్ముడయ్యే వాటిలోనే ఉంది. అందుకే దాన్ని కదిలించే ధైర్యం ఎవరూ చేయలేదు.

ఇప్పుడు చదివేవాళ్లకు

డిజిటల్‌లో చదివితే కొన్ని పోతాయి. హోలోగ్రామ్, రేకు కవర్లు స్కాన్‌లో బూడిదరంగు మరకల్లా ఉంటాయి. న్యూస్‌ప్రింట్ కోసం ఎంచిన పాత రంగులు తెర మీద కళ్లలో గుచ్చుకుంటాయి. గడి తర్వాత గడి చూపించే ఫోన్ పద్ధతి రెండు పేజీల నిండా గీసిన బొమ్మని ముక్కలు చేస్తుంది. ఈ కాలం పేజీల్లో అదే ప్రధానం కాబట్టి, ట్యాబ్లెట్ మీద పూర్తి పేజీగా చూడడం మేలు. ఒక్క వింత మినహాయింపు ఎక్స్-ఫోర్స్ 4: స్పైడర్‌మ్యాన్‌తో కలిసిన ఆ సంచిక మొత్తం అడ్డంగా అచ్చయింది. అప్పట్లో పుస్తకం తిప్పి పట్టుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఫోన్ తిప్పితే సరిపోతుంది.

వరస విషయంలో, అన్నీ చదవాలన్న పట్టుదల వదిలేయడమే మంచిది. ఎక్స్-మెన్ 1-3 క్లేర్‌మాంట్ వీడ్కోలుగా చదవొచ్చు. ఎక్స్-క్యూషనర్స్ సాంగ్ పన్నెండూ వరసగా చదివి, వెంటనే కేబుల్ 6-8 చదివితే ఆ ముడి విడిపోతుంది. మూడేళ్ల ఎదురుచూపు ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది కాబట్టి అప్పటివాళ్లకి లేని సుఖం ఇప్పటివాళ్లకుంది. ఏజ్ ఆఫ్ అపోకలిప్స్ విడిగా చదివినా ఇబ్బంది లేదు. జోసెఫ్ ఉన్న సంచికల దగ్గర మాత్రం, అతను ఎవరన్నది రాస్తున్నవాళ్లకే ఇంకా ఖాయం కాలేదని ముందే తెలుసుకుని చదివితే కోపం తగ్గుతుంది.